తల్లి వైపు నుంచి

ఐసీయూ తలుపు ముందు రెండు వరుసల కుర్చీలు వేసి ఉన్నాయి. కోడలు వాటిలో ఒకదాని మీద సంచీ పెట్టి కూర్చోబోతుంటే అత్తగారు, వీధిలో అందరూ ఇస్త్రీ అమ్మ అని పిలిచే మనిషి, వద్దంది. కారిడార్ చివర, మంచినీళ్ళ కుళాయి పక్కన, వీపు ఆన్చుకోవడానికి కూడా వీల్లేని చెక్కబల్ల ఒకటి ఉంది. గడ్డంతో అటు చూపించింది.

"నువ్వు అక్కడ కూర్చో. ఇంటికి తెచ్చింది చాలు, ఇక్కడున్నవాళ్ళకి కూడా పంచక్కర్లేదు."

గొంతేమీ పెంచలేదు. పెంచి ఉంటే కోడలు ఏదో ఒక మాట అనేదేమో. ఉతికిన చొక్కాలు ఫలానా అరలో పెట్టమన్నంత మామూలుగా అంది. కోడలు అత్తగారి మొహంలోకి ఒకసారి చూసి, ఫ్లాస్కు మాత్రం కుర్చీలో వదిలి, సంచీ తీసుకుని వెళ్ళి బల్ల మీద కూర్చుంది. చుట్టూ ఉన్నవాళ్ళు చూశారు, తర్వాత చూడనట్టు తలలు తిప్పుకున్నారు. చిన్న కొడుకు బొటనవేలి మీద ఎండిపోయిన సిమెంటును రెండో చేతి గోరుతో గీకుతూ ఉండిపోయాడు. అమ్మ తప్పు మాట్లాడిందని అతనికి తెలుసు. అమ్మ ఉన్న స్థితిలో ఆ సంగతి చెప్పడం ఎవరి తరమూ కాదని కూడా తెలుసు.

లోపల ఉన్నది పెద్ద కొడుకు. ముందురోజు మధ్యాహ్నం ఇక్కడికి తెచ్చేసరికి మాట సగంలో ఆపి ఊపిరి అందుకుంటున్నాడు. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని టైల్స్ పెట్టెను ఒక్కడే భుజానికెత్తుకుని మెట్లెక్కే మనిషి. పెళ్ళయ్యాక ఒంట్లో బాగాలేదని పని మానిన రోజు లేదు. అలాంటివాణ్ణి చక్రాల మంచం మీద తోసుకుపోతుంటే ఇస్త్రీ అమ్మ మంచం అంచు పట్టుకుని పక్కనే నడిచింది.

జలుబు ఎక్కడినుంచి వచ్చిందో ఇంట్లో అందరికీ తెలుసు. కోడలు చంటిపిల్లల బడిలో పనిచేస్తుంది. పనులకి వెళ్ళే తల్లులు పొద్దున్నే పిల్లల్ని అక్కడ వదిలి వెళ్తారు. వాళ్ళకి పాలు పట్టడం, మూతులు కడగడం, ముక్కులు తుడవడం, నోట్లో పెట్టుకున్న బొమ్మల్ని సాయంత్రం సబ్బునీళ్ళలో ముంచి ఆరబెట్టడం ఆమె ఉద్యోగం. కిందటి వారం బడిలో పిల్లలందరికీ ఒకేసారి ముక్కులు కారాయి. కోడలికి గొంతు గరగరలాడింది, నాలుగు తుమ్ములు వచ్చాయి, పోయింది. మనవరాలు ఒక పూట నలతగా ఉండి మర్నాటికి మంచం మీద గెంతులేసింది. ఇస్త్రీ అమ్మ కూడా కాస్త దగ్గింది గానీ పని ఆపలేదు. ఆ తర్వాతే పెద్దోడు పడ్డాడు. మిగిలిన ముగ్గురినీ తుమ్మించి వదిలేసిన ఆ జలుబే వాణ్ణి మాత్రం పట్టుకుని వదల్లేదు.

నర్సు తలుపు తీసి, ఒక్కరే రావాలంది. కోడలు బల్ల మీద నుంచి సగం లేచింది. అప్పటికే ఇస్త్రీ అమ్మ చెప్పులు విప్పేసి లోపలికి వెళ్ళిపోయింది.

మంచం మీద కొడుకు ముక్కూ నోరూ కప్పేసిన మాస్కుతో ఉన్నాడు. గాలి బుసబుసమని లోపలికి కొడుతుంటే బుగ్గలు ఉబ్బుతున్నాయి. ఆసుపత్రివాళ్ళు తొడిగిన చొక్కా ముడతలు ముడతలుగా ఉంది. ఆమె తనకి తెలియకుండానే అరచేత్తో కాలరు సాపుచేసింది, భుజం మీది మడత లాగి సరిచేసింది. అతను కళ్ళు తెరిచి తల్లిని చూశాడు. ఆ చూపు ఆమె మీద ఆగలేదు. భుజం మీదుగా తలుపు వైపు వెళ్ళి వెనక్కి వచ్చింది. ఎవరి కోసం వెతుకుతున్నాడో ఆమెకి అర్థమైంది.

"బయటే ఉందిలే. నువ్వు ఆయాసపడకు" అంది.

అతను కళ్ళు మూసుకున్నాడు.

*

వీధి మొదట్లో ఆమె ఇస్త్రీ కొట్టు. ఇంటి ముందు గదే కొట్టు. కిటికీకి ఎదురుగా, దుప్పటి మడతలు పరిచిన పొడవాటి బల్ల. నలభై ఏళ్ళలో ఆ బల్ల అంచు ఆమె నడుము తగిలే చోట నునుపుదేలిపోయింది. చొక్కా ఏదైనా సరే ముందు కాలరు, తర్వాత భుజాలు, తర్వాత చేతులు, చివరికి వీపు. పెద్ద కొడుకు ఆసుపత్రిలో ఉన్నా ఒప్పుకున్న బట్టలు ఇవ్వక తప్పదు. చేతులు పని చేస్తుంటే మనసు కాస్త ఒకచోట ఉంటుందనీ అనుకుంది.

మనసు ఎక్కడా ఉండలేదు. బట్టల కోసం వచ్చిన ప్రతివాళ్ళూ పెద్దబ్బాయి సంగతి అడిగారు. ప్రతివాళ్ళకీ ఆమె ఒకటే చెప్పింది. మా కోడలి బడి నుంచి వచ్చిందండీ, ఊళ్ళోవాళ్ళ పిల్లల ముక్కులు తుడిచి మా ఇంటికి తెచ్చిపెట్టింది, ఆ పని మానెయ్యమని ఎప్పటినుంచో చెబుతున్నాను. చెప్పిన కొద్దీ ఆ మాట ఆమెకి మరింత నిజమనిపించింది. ఒకరి వైపు వేలు చూపించగలిగినంతసేపూ గుండె దడ కొంచెం నెమ్మదించేది. బట్టల మూట పట్టుకుని వాళ్ళు మెట్లు దిగగానే మళ్ళీ మొదలయ్యేది.

నేల మీద కూర్చుని బొమ్మలు గీసుకుంటున్న మనవరాలు ఒకసారి తలెత్తి అడిగింది.

"నానమ్మా, నాన్నకి అమ్మ జలుబు వచ్చిందా?"

"ఎవరన్నారు?"

"నువ్వే."

ఇస్త్రీ అమ్మ చొక్కా తిరగేసి రెండోవైపు ఇస్త్రీ పెట్టె ఆనించింది.

*

మర్నాడు పొద్దున డాక్టరమ్మ ఇంటివాళ్ళని గదిలోకి పిలిచింది. చిన్న కొడుకు అన్న ఒప్పుకున్న బాత్రూమ్ టైల్స్ పని పూర్తి చేయడానికి వెళ్ళాడు. అత్తా కోడళ్ళిద్దరే వెళ్ళి పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. బల్ల మీద ఛాతీ ఫోటో ఉంది. ఊపిరితిత్తులు నల్లగా ఉండాల్సిన చోట తెల్లటి మబ్బు పట్టినట్టుంది. డాక్టరమ్మ మనిషి చిన్నది, కళ్ళకింద నల్లటి చారలు, మాట మాత్రం తొందరపడకుండా వచ్చేది.

జలుబు వైరస్ మామూలుదేనని చెప్పింది. ఈ కాలంలో ఇంటింటికీ తిరిగేదే. మరి ఈయన్నే ఎందుకిలా పట్టుకుందన్నది తమకీ ప్రశ్నే. షుగరు లేదు, పొగ తాగడు, గుండె బాగుంది. వయసూ పెద్దది కాదు. అలాంటప్పుడు ఇంకోవైపు కూడా చూస్తామంది.

"మన ఒంట్లోకి వైరస్ రాగానే మొదటి కేక వేసే కాపలా ఒకటి ఉంటుందమ్మా. ఆ కేక విని మిగతా సైన్యం లేస్తుంది. కొందరికి ఆ కాపలాని తయారుచేసే జన్యువు పుట్టుకతోనే సరిగా ఉండదు. మనిషి చూడ్డానికి దుక్కలా ఉంటాడు. కేక మాత్రం ఆలస్యంగా పడుతుంది. ఈలోపు వైరస్ ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టేస్తుంది. మీ అబ్బాయికి అదే ఉందని నేను అనట్లేదు. ఉండొచ్చేమో చూడాలంటున్నాను."

కోడలు ముందుకి వంగి వింటోంది. ఇస్త్రీ అమ్మకి కాపలా, కేక అర్థమయ్యాయి. జన్యువు అన్న మాట టీవీలో విన్నదే. డాక్టరమ్మ ఒక కాగితం మీద మనిషి బొమ్మలు రెండు గీసి, ఆడమనిషి పక్కన రెండు గీతలు, మగమనిషి పక్కన ఒక గీత పెట్టింది.

"ఇలాంటి జన్యువుల్లో ఒకటి ఈ గీత మీద ఉంటుంది. ఆడవాళ్ళకి ఇవి రెండు. ఒకటి పాడైనా రెండోది కాపు కాస్తుంది, అందుకని వాళ్ళకి పెద్దగా ఏమీ కాదు. మగవాళ్ళకి ఒకటే. అది తల్లి నుంచి వస్తుంది." కలం కిందపెట్టి ఇస్త్రీ అమ్మ వైపు తిరిగింది. "అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. మీ పుట్టింటి వైపు మగవాళ్ళు ఎవరైనా, మీ అన్నదమ్ములు గానీ మేనమామలు గానీ, చిన్న వయసులో దగ్గూ జ్వరంతో పోయారా?"

అన్నయ్య మొహం ఇస్త్రీ అమ్మ కళ్ళముందు నిలబడింది. మీసాలు దువ్వుకుని, పెళ్ళికి కుట్టించుకున్న కోటు వేసుకుని అద్దంలో చూసుకున్న మొహం. ఆ కోటుకి ఇస్త్రీ తనే చేసింది. అది వేసుకునే పెళ్ళి రోజు రాకుండానే వారం పాటు దగ్గి దగ్గి పోయాడు. అంతకు ముందెప్పుడో తమ్ముడు, ఇంకా మాటలు సరిగా రానివాడు, అలాగే.

పక్కన కోడలు ఉంది. తన జవాబు కోసమే చూస్తోంది.

"లేరమ్మా" అంది ఇస్త్రీ అమ్మ. "మా వైపు అందరూ గట్టివాళ్ళే."

ఆ మాట నోటినుంచి దానంతటదే వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోవచ్చనిపించింది, తీసుకోలేదు. డాక్టరమ్మ తలూపింది. అలాంటివాళ్ళు ఎవరైనా ఉండుంటే మీ రెండో అబ్బాయిని ఈరోజే పిలిపించి చూసేదాన్నని, ఏదేమైనా అతనికి దగ్గు గానీ జ్వరం గానీ వస్తే తగ్గుతుందిలే అని కూర్చోకుండా వెంటనే తీసుకురమ్మని చెప్పింది. తొందరగా వస్తే ఇవ్వడానికి మందులున్నాయట. ఆలస్యమైతే అవే మందులు అంతగా పనిచేయవట. కొడుకు రక్తమూ తల్లి రక్తమూ పరీక్షకి పంపుతామంది. ఫలితం రావడానికి వారాలు పడుతుందంది.

సూది గుచ్చుతున్నప్పుడు ఇస్త్రీ అమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. సీసాలోకి వస్తున్న తన రక్తాన్ని చూడాలంటే భయమేసింది.

*

సాయంత్రం చిన్న కొడుకు పని నుంచి వచ్చి, పనిముట్ల సంచీ గుమ్మం పక్కన దించి, గొంతు సవరించుకున్నాడు. అంతే. ఆ చిన్న చప్పుడుకి ఇస్త్రీ అమ్మ చేతిలో పెట్టె ఆగిపోయింది.

"ఏంట్రా అది?"

"ఏది?"

"ఆ దగ్గు."

"దగ్గు కాదమ్మా. పొద్దుటి నుంచి టైల్స్ కోశాను కదా, గొంతులో దుమ్ము పడింది. నీళ్ళు తగిలితే గట్టిపడిపోతుంది, రేపటికి గచ్చు మీదలా దాని మీద నడవచ్చు."

మనవరాలు నవ్వింది. ఇస్త్రీ అమ్మ నవ్వలేదు. అతను స్నానం చేస్తున్నంతసేపూ తలుపు దగ్గరే ఏదో వెతుకుతున్నట్టు తచ్చాడింది. అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని చూసింది. ముద్దకీ ముద్దకీ మధ్య ఒకసారి దగ్గాడు. ఇంకోసారి దగ్గబోయి, తల్లి చూస్తోందని మింగేశాడు. ఆ మింగడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది. చిన్నప్పుడు దెబ్బ తగిలించుకుని వచ్చినప్పుడు కూడా వాడు అలాగే దాచుకునేవాడు.

ఏమీ కాదనుకుంది. కోడలికి తగ్గలేదా, మనవరాలికి తగ్గలేదా, నాకు తగ్గలేదా. అందరమూ ఆడవాళ్ళమే అన్న మాట వెంటనే ఎవరో చెవిలో చెప్పినట్టయింది. మళ్ళీ ఇస్త్రీ బల్ల దగ్గరికి వచ్చింది, కళ్ళు మాత్రం వంటగది గుమ్మం వైపు ఉన్నాయి. వాసన వచ్చాక గానీ చూసుకోలేదు. తెల్ల చొక్కా కాలరు మీద పెట్టె ఆకారం గోధుమరంగులో అచ్చు పడిపోయింది. ఇన్నేళ్ళలో ఒక్క కాలరు కాల్చి ఎరగదు. ఆ చొక్కాని మడిచి బల్ల కింద పెట్టేసి, కుర్చీలో కూలబడి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

ఆ ఇంట్లో అన్నయ్య సంగతి ఎవరికీ తెలియదు. మేనమామ జ్వరంతో పోయాడని పిల్లలకి ఎప్పుడో ఒకసారి చెప్పి ఉంటుంది, అంతకు మించి వాళ్ళూ అడగలేదు. పుట్టింట్లోనైతే దాన్ని ఇంకోలా చెప్పుకునేవారు. పెళ్ళికూతురి అడుగు మంచిది కాదు, నిశ్చయమైన నెలలోపే మనిషిని మింగేసిందని. ఆ అమ్మాయి కబురు తెలిసి పరుగున వస్తే గేటు తియ్యలేదు. గేటు అవతల నిలబడి చాలాసేపు ఊచలు పట్టుకుని చూసి వెళ్ళిపోయింది. గేటు తియ్యనివాళ్ళలో ఇస్త్రీ అమ్మ కూడా ఉంది. అప్పటికి ఆమెకి ఇంకా పెళ్ళీడు కూడా రాలేదు. అయినా గడియ మీద చెయ్యి పెట్టి నిలబడింది.

*

పొద్దున్నే చిన్న కొడుకు నుదురు తాకి చూసింది. వేడిగా ఉంది. అతను చెయ్యి తోసేసి లేచి, మొహం కడుక్కుని, సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాడు. లెవెలు చూసే గొట్టం, రబ్బరు సుత్తి, టైలుకీ టైలుకీ మధ్య దూర్చే ప్లాస్టిక్ ముక్కల డబ్బా. కొంచెం వేడి చేసింది అంతేనన్నాడు. బాత్రూమ్ నేల సగంలో ఉంది, ఇవాళ పూర్తి చెయ్యకపోతే ఆ ఇంటివాళ్ళకి స్నానాల్లేవు. మందుల షాపులో అడిగి మాత్ర వేసుకుంటానన్నాడు.

"ఆసుపత్రికి వెళ్దాం పద."

"అన్నయ్యని సాయంత్రం చూస్తాలే."

"అన్నయ్య కోసం కాదు. నీ కోసం."

"వదిన కూడా రెండు రోజులు తుమ్మి ఊరుకుంది. నాకూ అంతేనమ్మా. జ్వరానికి కూడా అన్నయ్యతో పోటీ పడతానా ఏంటి?"

నవ్వుతూ అన్నాడు. అన్నాక దగ్గొచ్చింది. గోడ పట్టుకున్నాడు. మామూలుగా రెండు అంగల్లో దాటే గదిని దాటడానికి ఒకసారి ఆగాడు. ఆగినట్టు తెలియకుండా చెప్పులు వెతుకుతున్నట్టు కిందికి వంగాడు. ఆమె చూసింది.

ఇస్త్రీ అమ్మ వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మీ మేనమామలు ఎలా పోయారో నీకు చెప్పలేదు నేను" అంది.

"ఇప్పుడు అదెందుకు?"

"ఇలాగే పోయారు. ఇద్దరూ. పెద్దాయన నీ అంత ఎత్తు ఉండేవాడు. మొదటి రోజు నీలాగే నవ్వాడు."

అతని చేతిలో రబ్బరు సుత్తి అలాగే ఉండిపోయింది. ఆమె ఆగకుండా చెప్పింది. ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలుసు. డాక్టరమ్మ గీసిన గీతల సంగతి, అడిగిన ప్రశ్న, తను చెప్పిన అబద్ధం. అతను వింటూ వింటూ సంచీ మీదే కూర్చున్నాడు.

"ఎందుకు చెప్పలేదమ్మా నిన్న?"

ఆమె కొంగు మడతని అరచేత్తో సాపుచేసింది.

"మీ వదిన పక్కనే ఉంది" అంది చివరికి.

అతను లేచి, సుత్తి సంచీలో పడేసి, పక్కింటివాళ్ళకి పాపని అప్పజెప్పి, తల్లి వెనక నడిచాడు.

*

కోడలు చెక్కబల్ల మీదే ఉంది. సంచీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. మరిది దగ్గు విని కళ్ళు తెరిచి, అతని మొహం చూసి, ఉన్నపళంగా లేచి నిలబడింది. ఏమైందని కూడా అడగలేదు. అతని చెయ్యి పట్టుకుని నర్సుల గది వైపు నడిపించింది.

డాక్టరమ్మ వచ్చి వేలికి క్లిప్పు తగిలించింది. అంకె బాగానే ఉంది. ఇస్త్రీ అమ్మ ఊపిరి పీల్చుకోబోయింది. అప్పుడు డాక్టరమ్మ అతన్ని కారిడార్ చివరిదాకా నడిచి రమ్మంది. వెళ్ళేటప్పుడు మామూలుగానే వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు కుర్చీల వీపులు ఒక్కొక్కటే తాకుతూ వచ్చాడు. క్లిప్పు మీద అంకె దిగుతోంది. నర్సు డాక్టరమ్మ వైపు చూసింది, డాక్టరమ్మ నర్సు వైపు చూసింది. చక్రాల కుర్చీ వచ్చేసింది.

"డాక్టరమ్మా" అంది ఇస్త్రీ అమ్మ. "నిన్న మీరు అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పాను. మా అన్నయ్య ఇలాగే పోయాడు. తమ్ముడు కూడా. నా వైపు నుంచే వచ్చింది."

కోడలు వినేలాగే అంది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

డాక్టరమ్మ తిట్టలేదు. వాళ్ళ వయసులు అడిగింది, ఎన్నాళ్ళు దగ్గారో అడిగింది, మీకు అక్కచెల్లెళ్ళున్నారా అని అడిగింది. ఒక అక్క ఉందని, ఆవిడకి ఇద్దరు కొడుకులని ఇస్త్రీ అమ్మ చెప్పింది. వాళ్ళకి కూడా చెప్పాలమ్మా అంది డాక్టరమ్మ. ఈ అబ్బాయికి ఇప్పుడే మందు మొదలుపెడతామని, ఇవాళ తీసుకురావడం మంచిదైందని అంది. నిన్న తీసుకొస్తే ఇంకా మంచిదయ్యేదని అనలేదు. ఆ అనని మాట ఇస్త్రీ అమ్మకి స్పష్టంగా వినబడింది.

డాక్టరమ్మ వెళ్ళబోతుంటే కోడలు ఆపింది. తమ పాపకి కూడా ఉంటుందా అని అడిగింది. తండ్రికి ఉన్నది అదేనని తేలితే పాపకి తప్పకుండా వచ్చి ఉంటుందని, పాపకి దానివల్ల ఏమీ కాకపోవచ్చని, రేపు ఆ పాపకి కొడుకులు పుడితే మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. కోడలు తలూపింది. రెండు చేతులతోనూ సంచీ పట్టీలు గట్టిగా పట్టుకుంది.

చిన్న కొడుకుని లోపలికి తీసుకెళ్ళాక ఇద్దరే మిగిలారు. ఇస్త్రీ అమ్మ కుర్చీల వరసలో కూర్చుంది. కోడలు ఎక్కడ కూర్చోవాలో తేల్చుకోనట్టు నిలబడే ఉంది. నిన్నటినుంచి ఏమీ తిన్నట్టు లేదు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"ఏదో ఒకటి అను" అంది ఇస్త్రీ అమ్మ. "నేనైతే ఈపాటికి వంద అనేదాన్ని."

కోడలు సంచీ పట్టీలు వదిలి అత్తగారి వైపు తిరిగింది.

"జ్వరం నేనే తెచ్చాను అత్తయ్యా. అది నిజమే. బడిలో పిల్లల దగ్గర నాకు అంటింది, నా దగ్గర మీ అబ్బాయికి అంటింది. మీ అన్నయ్యకి ఉన్నదేదో మీ ద్వారా వీళ్ళకి వచ్చిందేమో, అదీ నిజమే అయ్యుంటుంది. నేను తెలిసి తేలేదు. మీరు తెలిసి ఇవ్వలేదు." గడ్డంతో కారిడార్ చివరికి చూపించింది. "నన్ను ఆ బల్ల మీద కూర్చోబెట్టారు చూడండి. అది మాత్రం మీరు తెలిసే చేశారు."

ఏడుస్తుందేమో అనుకుంది ఇస్త్రీ అమ్మ. కోడలు ఏడవలేదు. మరిదికి దుప్పటి కావాలేమో కనుక్కుని వస్తానని చెప్పి లోపలి వార్డు వైపు వెళ్ళిపోయింది. ఇస్త్రీ అమ్మ ఆ మాటకి జవాబు వెతుక్కుంటూ చాలాసేపు కూర్చుంది. తను ఆందోళనలో ఉన్నాననుకుంది. తల్లి ప్రాణం అనుకుంది. ఎటు తిప్పి చూసినా ఆ మాటలో సరిచెయ్యడానికి ఒక్క మడత కూడా కనబడలేదు.

*

చిన్న కొడుకుకి మాస్కు దాకా రాలేదు. ముక్కు దగ్గర సన్నటి గొట్టం పెట్టారు, మందు ఎక్కించారు, జ్వరం పెరిగినట్టే పెరిగి ఆగింది. పెద్ద కొడుకు సంగతి మాత్రం ఒక రోజు ఆశగా, ఒక రోజు భయంగా నడిచింది. ఫోను మోగితే ముగ్గురి పై ప్రాణాలు పైనే పోయేవి. లోపలికి ఒక్కరే రావాలన్నప్పుడల్లా కోడలే వెళ్ళేది. ఇస్త్రీ అమ్మ పొద్దున వంట చేసి తెచ్చి, మధ్యాహ్నం కొట్టు తెరిచి, సాయంత్రం మళ్ళీ వచ్చేది. అత్తా కోడళ్ళ మధ్య మాటలు అవసరమైనంత వరకే ఉండేవి. మందు ఏ పూటది, పాప తిన్నదా, డాక్టరమ్మ ఏమంది.

వారం గడిచాక ఒక మధ్యాహ్నం పెద్ద కొడుకు మాస్కు తీసేశారు. గొంతు గాలిలా వస్తోంది. అతను పెళ్ళాంతో మొదట ఏం మాట్లాడాడో కోడలు చెప్పలేదు. రెండో మాట మాత్రం బయటికి వచ్చి చెప్పింది. తమ్ముడు ఆ బాత్రూమ్ నేలకి వాలు సరిగ్గా పెట్టాడా అని అడిగాడట. పక్క వార్డులో ఉన్న తమ్ముడికి ఆ కబురు చేరింది. నీళ్ళన్నీ అన్నయ్య వైపే పారేలా పెట్టానని చెప్పమన్నాడు. కోడలు ఆ మాట చెబుతూ నవ్వేసింది. నవ్వు మధ్యలో కళ్ళు తుడుచుకుంది. ఇస్త్రీ అమ్మ ఆ నవ్వులో తనకీ కొంచెం చోటుందో లేదో తెలియక, అడగలేక, పక్కన నిలబడింది.

పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. రాకపోయినా చెయ్యాల్సిన పని ఒకటి మిగిలి ఉందని ఇద్దరికీ తెలుసు. రోజూ సాయంత్రం డాక్టరమ్మ మీ అక్కగారికి చెప్పారా అని అడుగుతోంది. రోజూ ఇస్త్రీ అమ్మ నీళ్ళు నములుతోంది.

"నంబరు కలపనా అత్తయ్యా?" అంది కోడలు ఆ సాయంత్రం.

"కలుపు."

అటువైపు టీవీ గట్టిగా మోగుతోంది. అక్క ముందు పెద్దోడి సంగతి అడిగి, మాస్కు తీశారని విని, బతికించాడు దేవుడు అంది. ఇస్త్రీ అమ్మ అసలు సంగతి ఎత్తుకుంది. అన్నయ్య సంగతి, తమ్ముడి సంగతి, తల్లి నుంచి కొడుకులకి రావడం, అక్క కొడుకులకి దగ్గొస్తే తగ్గుతుందని కూర్చోవద్దనడం. డాక్టరమ్మ చెప్పినంత బాగా రాలేదు. గీతలు గీసి చూపించడానికి కాగితం లేదు. అక్క ముందు ఊఁ కొట్టింది, తర్వాత ఊఁ కొట్టడం మానేసింది.

"ఏమే, నీ కోడలు తెచ్చిన రోగాన్ని తీసుకొచ్చి మన పుట్టింటికి అంటగడుతున్నావా? పోయిన అమ్మ మీదికి తోస్తావా? అన్నయ్య ఎందుకు పోయాడో ఊరంతటికీ తెలుసు. ఆ పిల్ల అడుగు మంచిది కాదు."

ఫోను స్పీకరులో ఉంది. కోడలు కిటికీ వైపు చూస్తోంది.

"ఆ అమ్మాయి ఏమీ చెయ్యలేదక్కా" అంది ఇస్త్రీ అమ్మ. "గేటు అవతల నిలబడింది, అంతే. మా కోడలు కూడా ఏమీ చెయ్యలేదు. జ్వరం ఎవరో ఒకరు తెస్తారు. మా ఇంటికి మా కోడలు తెచ్చింది, రేపు మీ ఇంటికి ఇంకెవరో తెస్తారు. అది వచ్చినప్పుడు తట్టుకోలేనిదేదో మన దగ్గరుంది. నా దగ్గరుంది. నీ దగ్గర ఉందో లేదో నాకు తెలియదు. నువ్వు నన్ను తిట్టుకో. తిట్టుకుంటూనే మీ అబ్బాయిలని చూపించు."

అక్క ఫోను పెట్టేసిందేమో అనుకుని ఇస్త్రీ అమ్మ తెర వైపు చూసింది. పెట్టలేదు. టీవీ చప్పుడు వినబడుతోంది. కాసేపటికి అదీ ఆగిపోయింది.

"ఆ డాక్టరమ్మ ఏ వేళప్పుడు ఉంటుందే?" అంది అక్క. గొంతు వేరే మనిషి గొంతులా ఉంది.

నోరు తెరిస్తే ఏడుపొస్తుందని ఇస్త్రీ అమ్మకి అనిపించింది. ఫోను కోడలి చేతికిచ్చింది. కోడలు దాన్ని అందుకుని, స్పీకరు తీసేసి, చెవికి ఆనించుకుంది.

"నేనండీ పెద్దత్తయ్యగారూ, కోడల్ని" అంది. "పొద్దున్నే అయితే మంచిది. గేటు దాటగానే కుడివైపు తిరగమనండి. వాళ్ళు ఏమీ వెతుక్కోనక్కర్లేదు, నేను కిందే ఉంటాను."